గాజు టార్చ్ దగ్గర గ్యాస్ వాసన: లీకేజీ ఎక్కడుందో పట్టుకునే పద్ధతి

గాజు పూసలు చేసేవాళ్ళు, ల్యాబులకు గాజు సామాను ఊదేవాళ్ళు, నియాన్ గొట్టాలు వంచేవాళ్ళు ఎవరైనా సరే, బల్ల మీద టార్చ్, అంటే గాజు కరిగించే గ్యాస్ మంట పరికరం, పెట్టుకున్నాక ఎప్పుడో ఒకప్పుడు గ్యాస్ వాసన తగలక మానదు. తగలగానే ముక్కు ముందుకు పెట్టి ‘ఎక్కడి నుంచి?’ అని వెతుకుతారు. అంతకంటే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ‘ఎప్పుడు?’ అన్నది. టార్చ్ ముట్టుకోకుండానే వస్తోందా, నాబ్ తిప్పాకా, మంట వెలుగుతుండగానా, ఆర్పేశాకా? సమయం తేలితే చోటు సగం దొరికినట్టే. మిగతా సగం సబ్బు నురగ చెబుతుంది.

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు టార్చ్ బయటి నుంచి తెప్పించుకుని, గ్యాస్ మాత్రం ఇక్కడి బండతో నడిపేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. కంసాలి పనికి, కరీంనగర్ ఫిలిగ్రీ (వెండి తీగ అల్లిక) పనికి వాడే చిన్న టార్చ్‌లకు కూడా గ్యాస్ వైపు చెప్పినదంతా వర్తిస్తుంది. ఒక తేడా గుర్తుంచుకోండి. టార్చ్‌తో వచ్చిన పుస్తకంలో ‘ప్రొపేన్’ అని ఉంటుంది. మన బండలో ఉండేది ఎల్పీజీ, అంటే ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన గ్యాస్. ప్రొపేన్ గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు, బ్యూటేన్ దాదాపు రెండు రెట్లు. కాబట్టి మన దగ్గర లీకైన గ్యాస్ ఇంకా మొండిగా నేలనే పట్టుకుని ఉంటుంది.

వాసన గట్టిగా ఉంటే మిగతాది తర్వాత చదవండి

గదిలోకి అడుగు పెట్టగానే గుప్పున కొట్టినా, బుస్సుమని శబ్దం వినిపించినా ఇక పరీక్షలేమీ పెట్టుకోవద్దు. టార్చ్ వెలుగుతుంటే ఆర్పి, వెంటనే బండ దగ్గర వాల్వ్ కట్టేయండి. ఆక్సిజన్ కూడా కట్టేయండి. తలుపులు, కిటికీలు తెరిచి బయటికి వచ్చేయండి. ఫ్యాన్, లైటు, కూలర్ ఏ స్విచ్ కూడా వేయొద్దు. ఆఫ్ కూడా చేయొద్దు, ఎందుకంటే ఆఫ్ చేసినప్పుడూ నిప్పురవ్వ పుడుతుంది. ఫోన్ బయటికి వచ్చాకే చేయండి.

గాజు పనివాళ్ళు ఇక్కడ మర్చిపోయేది కొలిమిని. చేసిన సామాను మెల్లగా చల్లార్చే కరెంటు కొలిమి మీరు ముట్టుకోకపోయినా దానంతటదే ఆన్ అవుతూ ఆఫ్ అవుతూ ఉంటుంది. లోపల దానంతటదే పనిచేసే స్విచ్ (రిలే) ‘టిక్’మన్న ప్రతిసారీ రవ్వ వచ్చే అవకాశం ఉంది. కాబట్టి కొలిమి నడుస్తుంటే గది లోపలి స్విచ్ జోలికి పోకుండా, బయట మీటర్ దగ్గర మెయిన్ దించేయండి. మెయిన్ కూడా అదే గదిలో ఉంటే దాన్నీ ముట్టుకోవద్దు. ఇది ముందే ఆలోచించి పెట్టుకోవాల్సిన ఏర్పాటు. అప్పటికప్పుడు టెన్షన్‌లో తోచదు.

బండ వాల్వే లీకవుతుంటే, కొత్త బండతో దారానికి కట్టి వచ్చే సేఫ్టీ క్యాప్ దాని మీద నొక్కి పెట్టండి. దాన్ని పారేయకుండా బండకే వేలాడదీసి ఉంచడం అందుకే. బండను తీయగలిగితే ఆరుబయట, మురికి కాలువకు దూరంగా నిలబెట్టండి. గ్యాస్ లీకేజీకి 24 గంటలూ పనిచేసే ఎమర్జెన్సీ నంబర్ 1906. మంట అంటుకుంటే 101 లేదా 112. లీకయ్యే చోట మంట ఉంటే ముందు గ్యాస్ ఆపాలి, మంట కాదు. గ్యాస్ వస్తుండగా మంట ఆర్పేస్తే ఆ గ్యాస్ గదంతా నిండి మళ్ళీ అంటుకుంటుంది.

ముక్కును ఎంతవరకు నమ్మాలి

ఎల్పీజీకి సొంత వాసన పెద్దగా లేదు. లీకైతే తెలియాలని కంపెనీలు ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతాయి. కుళ్ళిన క్యాబేజీ వాసన దానిదే. గాలిలో ప్రొపేన్ సుమారు 2 శాతం దాటితే అంటుకోగలదు. అందులో ఐదో వంతు ఉన్నప్పుడే మనిషి పసిగట్టేలా వాసన కలపాలన్నది ప్రమాణం. అంటే వాసన లీలగా తగిలిందంటే పేలబోతోందని కాదు, వెతకడానికి ఇంకా టైముందని.

అయితే ముక్కు మూడు విధాలుగా మోసం చేస్తుంది. కాసేపు ఆ వాసనలోనే కూర్చుంటే అలవాటు పడి, పోయిందనిపిస్తుంది. అందుకే అనుమానం ఉన్నప్పుడు ఐదు నిమిషాలు బయట తిరిగి వచ్చి మళ్ళీ చూడండి, లేదా ఇంట్లో ఇంకొకరిని పిలవండి. జలుబు చేస్తే సగం తెలియదు, కోవిడ్ తర్వాత వాసన శక్తి పూర్తిగా తిరిగి రానివాళ్ళూ ఉన్నారు. మూడోది ఎత్తు. కుర్చీలో కూర్చున్న మీ ముక్కు నేలకు మూడు నాలుగు అడుగుల పైన ఉంటుంది, గ్యాస్ మీ కాళ్ళ దగ్గర ఉంటుంది.

ఇంకో సంగతి: బండ అయిపోవచ్చేటప్పుడు వాసన ఘాటుగా ఉంటుంది. మెర్కాప్టాన్ గ్యాస్‌కంటే నెమ్మదిగా ఆవిరవుతుంది కాబట్టి అడుగున మిగిలిన దాంట్లో దాని పాలు పెరుగుతుంది. అప్పుడు వెలిగించేటప్పుడు వచ్చే కొద్దిపాటి గ్యాసే ఎక్కువగా అనిపిస్తుంది. కానీ ‘బండ అయిపోతోంది కదా, అందుకే’ అని తేల్చేయడం లీకేజీ లేదని పరీక్షించాకే. బండలో ఎంత ఉందో రెగ్యులేటర్ మీద ఒత్తిడి చూపే మీటర్ చెప్పదు. ద్రవం చుక్క మిగిలినంత వరకు ఒత్తిడి ఉష్ణోగ్రతను బట్టే ఉంటుంది. తూకం వేసి, బండ మీద కొట్టిన ఖాళీ బరువు తీసేయడం ఒక్కటే సరైన లెక్క.

టార్చ్ దగ్గర వచ్చే ప్రతి వాసనా గ్యాస్ కాదు. ఆక్సిజన్‌తో మండే వేడి మంట గాలిలోని నైట్రోజన్‌ను కాల్చి ముక్కు మండించే ఘాటు పుట్టిస్తుంది. అది లీకేజీ కాదు, గదిలో గాలి సరిగ్గా ఆడటం లేదనడానికి గుర్తు. దాన్నీ వదిలేయకూడదు. రబ్బరు మాడిన వాసనైతే ముందు బల్ల కింద గొట్టం చూడండి.

మొదటి మెట్టు: ఎప్పుడు వస్తోంది

పని మొదలుపెట్టక ముందు, టార్చ్ నాబ్‌లన్నీ మూసి, బండ వాల్వ్ తెరిచి పది నిమిషాలు ఆగండి. అప్పుడే వాసన వస్తే తప్పు బండ నుంచి టార్చ్ నాబ్ దాకా ఎక్కడో ఉంది, లేదా నాబ్ లోపలి సీటు, అంటే సూది ఆని గ్యాస్‌ను ఆపే చోటు, పూర్తిగా మూసుకోవడం లేదు. బండ వాల్వ్ కట్టేసి ఉన్నా వస్తోందంటే అది బండదే. మార్చి ఇవ్వమని ఏజెన్సీకి చెప్పండి, మీరు విప్పకండి.

నాబ్ మూసి ఉన్నంతసేపూ ఏమీ లేక, తెరిచి మంట పెట్టాక వస్తే అనుమానం నాబ్ కాడ చుట్టూ గ్యాస్ బయటికి రాకుండా ఆపే ప్యాకింగ్ మీదికి పోతుంది. మంట వెలుగుతుండగా టార్చ్ ముఖం, అంటే మంట వచ్చే చివర, వైపు నుంచే వస్తే గ్యాస్ పూర్తిగా కాలడం లేదు, అంటే అది మంట కథ. ఆర్పేశాక రెండు మూడు సెకన్లు వచ్చి పోతే గొట్టంలో మిగిలింది అనుకోవచ్చు. ఆర్పిన చాలాసేపటికి కూడా వస్తుంటే సీటు కారుతోంది.

వెలిగించే ఆ క్షణంలో కొద్దిగా రావడం మామూలే, ముఖ్యంగా గ్యాస్, ఆక్సిజన్ రెండూ టార్చ్ ముఖం బయట కలిసే రకాల్లో. నాబ్ ఎక్కువ తిప్పి ఆ తర్వాత లైటర్ కోసం బల్లంతా వెతికితే మాత్రం ఎక్కువ వస్తుంది. లైటర్ చేతిలోకి వచ్చాకే నాబ్ కొద్దిగా తిప్పండి.

రెండో మెట్టు: మీటర్ పరీక్ష

బండ వైపు ఒత్తిడికి ఒకటి, టార్చ్ వైపు ఒత్తిడికి ఒకటి, ఇలా రెండు మీటర్లున్న రెగ్యులేటర్ ఉంటే అదృష్టమే. టార్చ్ నాబ్‌లు మూసి, బండ తెరిచి, మీరు పనికి వాడే ఒత్తిడి పెట్టండి. తర్వాత బండ వాల్వ్ కట్టేసి, రెగ్యులేటర్ పిడిని వెనక్కి వదులు చేయండి. ఇప్పుడు రెగ్యులేటర్‌కు ఇటు, అటు ఉన్న గ్యాస్ వేరువేరుగా బందీ అయింది. రెండు ముళ్ళూ ఎక్కడున్నాయో ఫోన్‌లో ఫోటో తీసుకుని పావుగంట ఆగండి.

టార్చ్ వైపు మీటర్ ముల్లు దిగితే లీకేజీ గొట్టంలోనో, గ్యాస్ వెనక్కి పోకుండా ఆపే వన్-వే వాల్వ్ దగ్గరో, టార్చ్‌లోనో ఉంది. బండ వైపు మీటర్ దిగితే బండకు రెగ్యులేటర్ కలిసే చోట చూడాలి. బండ వైపు దిగుతూ టార్చ్ వైపు పెరుగుతుంటే బయట లీకేజీ లేకపోవచ్చు, కానీ రెగ్యులేటర్ లోపలి సీటు అరిగింది. అలాంటి రెగ్యులేటర్ మీరు టీ తాగి వచ్చేలోపు గొట్టంలో ఒత్తిడి పెంచేస్తుంది. ముందు బాగానే ఉన్న క్లిప్పు కూడా అప్పుడు కారుతుంది. దాన్ని మార్చాల్సిందే.

ఈ పరీక్ష నీడలో చేయండి. ఏప్రిల్, మే నెలల్లో రామగుండం, వరంగల్ ఎండలకు గొట్టం ఎండలో పడి ఉంటే లోపలి గ్యాస్ వేడెక్కి ముల్లు పైకి పోతుంది, చిన్న లీకేజీ కనబడకుండా పోతుంది. పొద్దున లేని వాసన మధ్యాహ్నం రావడానికి కారణం కూడా ఎండే. బండలో ఒత్తిడి పెరిగి, అప్పటిదాకా అంచున ఆగిన జాయింట్ కారడం మొదలవుతుంది.

మీటర్ లేని రెగ్యులేటర్ వాడేవాళ్ళకు ఈ మెట్టు లేదు. అసలు అది మార్చుకోవడం మంచిది. ఇంటి స్టవ్ రెగ్యులేటర్ ఇచ్చేది సుమారు 30 మిల్లీబార్, అంటే టార్చ్ పుస్తకాల్లో ఒత్తిడిని చెప్పే పీఎస్ఐ కొలతలో అర కూడా కాదు. ఎక్కువ టార్చ్‌లు కొన్ని పీఎస్ఐలు అడుగుతాయి. అందుకని హోటల్ భట్టీలకు పెట్టే, మీటర్ లేని హై ప్రెషర్ రెగ్యులేటర్ తెచ్చి, ఇంటి స్టవ్ గొట్టమే తగిలించి నడిపేవాళ్ళు ఉన్నారు. ఎంత ఒత్తిడి వస్తోందో ఎవరికీ తెలియదు, ఆ గొట్టం ఆ ఒత్తిడి కోసం చేసింది కాదు. టార్చ్ వాసనల్లో సగం ఈ జోడీ వల్లేనని నా నమ్మకం. వెల్డింగ్ సామాను అమ్మే దుకాణంలో మీటర్లున్న ఎల్పీజీ రెగ్యులేటర్, ఎల్పీజీకి పనికొచ్చే వెల్డింగ్ గొట్టం దొరుకుతాయి. అసిటిలీన్ అనే వెల్డింగ్ గ్యాస్ కోసం మాత్రమే చేసిన గొట్టాన్ని ఎల్పీజీ లోపలి నుంచి పాడు చేయగలదు, కాబట్టి రంగు చూసి కాకుండా అడిగి, మీద ముద్రించింది చదివి కొనండి.

ఇంకో మాట. ఇంటి 14.2 కిలోల ఎర్ర బండను అమ్మకం పనికి వాడటం నిబంధనలకు విరుద్ధం. పూసలు చేసి అమ్ముతున్నారంటే 19 కిలోల కమర్షియల్ బండే తీసుకోవాలి.

మూడో మెట్టు: సబ్బు నురగ, బండ నుంచి టార్చ్ దాకా

గిన్నెలు తోమే లిక్విడ్ కొద్దిగా నీళ్ళలో కలిపి, చిన్న పెయింట్ బ్రష్ తీసుకోండి. అమ్మోనియా ఉన్న క్లీనర్లు వద్దు, ఇత్తడికి పగుళ్ళు తెస్తాయి. ఈ సబ్బునీళ్ళు గ్యాస్ వైపు మాత్రమే. ఆక్సిజన్ వైపు నూనె, గ్రీజు, జిడ్డు ఏదీ తగలకూడదు, ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌లో అవి వాటంతటవే మండగలవు. ఆక్సిజన్ జాయింట్లకు దానికోసం అమ్మే లీక్ టెస్ట్ ద్రవమే వాడాలి. అగ్గిపుల్ల గీసి చూసే అలవాటు ఇప్పటికీ ఉంది. దాని గురించి ఇంతకంటే రాయను.

బండ తెరిచి, టార్చ్ నాబ్‌లు మూసి, ఒక్కో జాయింటుకూ నురగ పూసి ఒక నిమిషం చూస్తూ ఉండండి. పెద్ద లీకేజీ వెంటనే బుడగలు కడుతుంది. చిన్నదైతే తెల్లటి నురగ మెల్లగా పోగవుతుంది, తొందరపడేవాళ్ళు దాన్ని చూడకుండానే ముందుకు పోతారు.

మొదట బండ వాల్వ్. నొక్కి పెట్టే రెగ్యులేటర్ రకమైతే వాల్వ్ లోపల నల్ల రబ్బరు వాషర్ ఉంటుంది, ఓ-రింగ్ అంటారు. కొత్త బండ పెట్టిన రోజే వాసన మొదలైతే ముందు అనుమానించాల్సింది దాన్నే. అది పగిలినా, లేకపోయినా, రెగ్యులేటర్ ఎంత గట్టిగా కూర్చున్నా కారుతుంది. బండ తెచ్చినప్పుడే ‘తమ్ముడూ, వాషర్ చూసి ఇయ్యి’ అని అడగండి. ‘ఏం గాదన్నా, కొత్త బండ గదా, కొంచెం వాసనొస్తది’ అంటే ఒప్పుకోకండి. కొత్త బండకు వాసన రావాల్సిన పని లేదు. బండ పైన లోహపు పట్టీ మీద టెస్ట్ గడువు కూడా చూడండి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి ఏప్రిల్ నుంచి జూన్, సి జూలై నుంచి సెప్టెంబర్, డి అక్టోబర్ నుంచి డిసెంబర్, పక్కన సంవత్సరం. గడువు దాటిన బండ తీసుకోవద్దు.

తర్వాత రెగ్యులేటర్. పైన గుండ్రటి మూత మీద చిన్న రంధ్రం ఉంటుంది, లోపలి రబ్బరు పొర కదలడానికి గాలి ఆడే దారి అది. అక్కడ బుడగలు వస్తే పొర చిరిగింది. ఆ రంధ్రానికి టేపు వేసేవాళ్ళను చూశాను. అలా మూస్తే ఒత్తిడి అదుపు తప్పుతుంది. రెగ్యులేటర్ మార్చడం తప్ప దారి లేదు.

గొట్టం చివర్లలో గ్యాస్ వైపు నట్లు ఎడమ వైపుకు తిప్పితే బిగుస్తాయి, గుర్తుగా నట్టు మూలల మీద గాడి ఉంటుంది. ఆక్సిజన్ నట్లు మామూలుగానే. తెలియక వదులు చేస్తూ ‘బిగించా’ననుకోవడం కొత్తవాళ్ళలో తరచూ జరిగేదే. ఈ నట్ల లోపల లోహం లోహానికి ఆని గ్యాస్‌ను ఆపుతుంది, మరలు ఆపవు. కాబట్టి తెల్ల టేపు చుట్టడం వల్ల లాభం లేకపోగా, టేపు ముక్క ఊడి టార్చ్‌లోకి పోయి రంధ్రం మూసేయవచ్చు. కారుతుంటే విప్పి, ఆనే చోట గీత, ఇసుక, దుమ్ము ఉన్నాయేమో చూసి, తుడిచి, సరైన సైజు స్పానర్‌తో బిగించండి. అప్పటికీ ఆగకపోతే ఆ ముక్క మార్చాలి. టేపు గానీ సీలెంట్ గానీ కోసుగా ఉండే పైపు మరలకే పనికొస్తుంది, అది కూడా గ్యాస్ కోసం చేసిన రకమే.

గొట్టాన్ని చేత్తో వంచుతూ పొడవంతా చూడండి. వంచినప్పుడు సన్నటి పగుళ్ళు తెరుచుకుంటాయి. గాజు పని బల్ల కింద ఇంకో శత్రువు ఉంది: కడ్డీ నుంచి తెగిపడే వేడి గాజు ముక్క. గొట్టం మీద పడి బయటి పొర కరిగించి, లోపలికి సూది మొనంత దారి చేసి ఊరుకుంటుంది. గొట్టాలు బల్ల ముందు అంచు కింద వేలాడకుండా వెనక నుంచి రావాలి. పాత ఇళ్ళలో ఎలుకలు కొరికిన గుర్తులూ వెతకండి. పగిలిన చోట సైకిల్ ట్యూబ్ ముక్క చుట్టి తీగ కట్టడం వెల్డింగ్ షాపుల్లో కనిపిస్తుంది. అది రిపేరు కాదు. చివర్లో పగిలితే కోసి కొత్త ఫిట్టింగ్ ప్రెస్ చేయించండి, మధ్యలో అయితే గొట్టమే మార్చండి. వరంగల్ ఆటోనగర్ లాంటి చోట్ల హోస్ ప్రెస్ చేసేవాళ్ళు దొరుకుతారు. చేయించేటప్పుడు గ్యాస్ గొట్టమని చెప్పి, తెచ్చాక మళ్ళీ నురగ పెట్టండి.

మంట వెనక్కి రాకుండా ఆపే ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్ ఉంటే దాని రెండు చివర్లకూ నురగ పూయండి. అది లేనివాళ్ళు పెట్టించుకోండి.

నాలుగో మెట్టు: టార్చ్

బయటి జాయింట్లన్నీ బాగుండి, నాబ్ మూసి ఉన్నా వాసన వస్తే టార్చ్ చల్లగా ఉన్నప్పుడు ముఖం మీద సబ్బునీటి పొర నిలబెట్టండి. అది మెల్లగా ఉబ్బితే నాబ్ లోపలి సూది సరిగ్గా ఆనడం లేదు. ఆర్పాక టార్చ్ మొన మీద చిన్న నీలి చుక్క మంట మిగిలిపోవడం కూడా ఇదే రోగం. ఇక్కడ అందరూ చేసేది నాబ్‌ను ఇంకా గట్టిగా బిగించడం. ఆ బిగింపుతోనే సూదికి గాడి పడుతుంది, గాడి పడితే ఇంకా కారుతుంది, ఇంకా బిగిస్తారు. నాబ్ రెండు వేళ్ళతో మూసేంత మాత్రమే మూయాలి. కొన్నిసార్లు తప్పు సూదిది కాదు, దాని మధ్య చిక్కుకున్న నలుసుది. బండ కట్టేసి, గ్యాస్ ఖాళీ చేశాక వాల్వ్ విప్పి, నూలు పోగులు ఊడని గుడ్డతో తుడిచి చూడండి. సూది మీద మెరిసే ఉంగరంలాంటి గీత చేతి గోటికి తగిలితే కొత్తది వేయాలి, టార్చ్ చేసిన కంపెనీ దాని స్పేర్ కిట్ అమ్ముతుంది.

నాబ్ తెరిచినప్పుడే వచ్చే వాసనకు ప్యాకింగ్ చూడాలి. నాబ్ వెనక, కాడ చుట్టూ ఉండే చిన్న నట్టు కింద మెత్తటి ప్యాకింగ్ ఉంటుంది. కాడ తిరిగీ తిరిగీ అది అరుగుతుంది. దీన్ని పట్టుకోవడానికి గ్యాస్ పారుతూ ఉండాలి, కాబట్టి మీటర్ పరీక్షలో నెగ్గి, వాసన కొద్దిగా మాత్రమే ఉన్నప్పుడే చేయండి. తలుపులు తెరిచి, ఒకరు బండ వాల్వ్ మీద చెయ్యి వేసి నిలబడాలి. చిన్న మంట పెట్టి, వెనక వైపు నుంచి కాడ చుట్టూ బ్రష్‌తో నురగ రాయండి. బుడగ కనిపించగానే ఆపేయండి. గ్యాస్ పూర్తిగా కట్టేశాక నట్టును గడియారం ముల్లు ఐదారు నిమిషాలు జరిగినంత మాత్రమే బిగించి మళ్ళీ చూడండి. నాబ్ బరువుగా తిరుగుతోందంటే ఎక్కువైంది. రెండుసార్లు అలా బిగించినా ఆగకపోతే ప్యాకింగ్ అయిపోయింది. కొన్ని టార్చ్‌లలో ప్యాకింగ్‌కు బదులు ఓ-రింగ్ ఉంటుంది, అది బిగిస్తే ఆగదు, మార్చాలి. స్టవ్ రిపేరు దుకాణంలో కొలత కుదిరిన రింగు దొరికినా అది గ్యాస్‌కు, వేడికి తట్టుకునే రబ్బరేనా అన్నది కొలత కంటే ముఖ్యం. ఆక్సిజన్ నాబ్‌కు మాత్రం కంపెనీ ఇచ్చిన రింగే వేయండి, గ్రీజు పూయకండి.

గ్యాస్, ఆక్సిజన్ టార్చ్ లోపలే కలిసే రకమైతే, ‘పట్’ అని శబ్దం వచ్చి మంట లోపలికి పోయిన తర్వాత వాసన మొదలైతే విప్పి చూసే ప్రయత్నం చేయకండి. రెండు వాల్వ్‌లూ కట్టి, చల్లారాక, కంపెనీకో పని తెలిసిన మనిషికో చూపించండి.

ఐదో మెట్టు: లీకేజీ లేదు, అయినా వాసన

అప్పుడు గ్యాస్ కారడం లేదు, కాలడం లేదు. గాజునే అడగండి, అది ముందే చెప్పి ఉంటుంది. రాగి కలిసిన నెమలి నీలం గాజు మీద ఇటుక ఎరుపు మరకలు వస్తే, తెల్ల గాజుకు మసి అంటితే, మంట చివర పసుపుగా ఊగుతుంటే ఆక్సిజన్ చాలడం లేదు. గ్యాస్ తగ్గించి చూడండి. తగ్గించగానే వాసన పోతే పని అయిపోయింది.

పోకపోతే ఆక్సిజన్ ఎందుకు రావడం లేదో చూడాలి. సిలిండర్ అయితే ఒత్తిడి. గాలి నుంచి ఆక్సిజన్ వేరుచేసే యంత్రం (కాన్సంట్రేటర్) వాడుతుంటే దాని ఫిల్టర్. అది ఇచ్చేది 90 నుంచి 95 శాతం ఆక్సిజన్, అది కూడా దాని మీద రాసిన లీటర్ల వరకే. ఎక్కువ లాగితే శాతం పడిపోతుంది. ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కలో, జిన్నింగ్ మిల్లు పక్కనో పని చేసేవాళ్ళకు పత్తి సీజన్‌లో ఫిల్టర్ మీద దూది పొర ఎంత త్వరగా కట్టుకుంటుందో తెలుసు. గోదావరిఖని వైపు అయితే బొగ్గు నుసి. ఆక్సిజన్ వైపు ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్ మూసుకుపోయినా ఇలాగే అవుతుంది.

టార్చ్ ముఖం మీద రంధ్రాలు కూడా చూడండి. చిట్లిన గాజు నలుసు ఒక్క రంధ్రం మూసినా ఆ పక్క మంట వంకర పోయి గ్యాస్ కాలకుండా తప్పించుకుంటుంది. చల్లారాక, రంధ్రం కంటే సన్నటి శుభ్రం చేసే తీగతో మెల్లగా తీయండి. డ్రిల్ బిట్, సూది పెట్టి పెద్దది చేయకండి. ఆక్సిజన్ అక్కర్లేకుండా గాలిని లాక్కుని మండే చిన్న టార్చ్ అయితే పక్క గాలి రంధ్రాల్లో సాలీడు గూడు, కందిరీగ పెట్టిన మట్టి ఉన్నాయేమో చూడండి. వానాకాలం నెలరోజులు పక్కన పెట్టిన టార్చ్‌లో ఇది మొదట చూడాల్సింది.

ఆదిలాబాద్ వైపు చలికాలంలో ఇంకోటి. చలికి బండలో ఒత్తిడి పడిపోతుంది, మంట చిన్నదై దూకుతుంది. అప్పుడు బండను పడుకోబెట్టి ‘మిగిలింది లాగే’ ప్రయత్నం చేస్తారు. పడుకోబెడితే ఆవిరి బదులు ద్రవం వస్తుంది, రెగ్యులేటర్ దాన్ని ఆపలేదు, టార్చ్ నుంచి ఒక్కసారిగా పెద్ద మంట, వాసన. బండ ఎప్పుడూ నిలబడే ఉండాలి. వేడి నీళ్ళు పోయడం, మంట చూపించడం అసలే వద్దు.

గది సంగతి

లీకేజీ సరిచేశాక కూడా అడుగున నిలిచిన గ్యాస్ పోవాలి. పైన ఉన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ పొగను లాగుతుంది, నేల మీది ఎల్పీజీని అంతగా లాగదు. తలుపు కింద, గోడ అడుగున గాలి పోయే దారి ఉండాలి. షట్టర్ గదిలో పని చేసేవాళ్ళు షట్టర్ పూర్తిగా దించి కూర్చోవద్దు. హనుమకొండ అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో అద్దె తక్కువని టార్చ్ పెట్టుకునే ఆలోచన ఉంటే మానుకోండి. చుట్టూ నేల ఎత్తుగా ఉన్న చోట ఈ గ్యాస్‌కు బయటికి పోయే దారే ఉండదు. పక్కనే మోరీ ఉంటే ఇంకా పొంచి ఉంటుంది.

రోజూ ఆర్పే పద్ధతి మార్చుకుంటే వాసన చాలావరకు తగ్గుతుంది. పని అయ్యాక టార్చ్ దగ్గర ఆక్సిజన్ మూయండి, గ్యాస్ మంట ఒక్కటే మిగులుతుంది. అప్పుడు బండ వాల్వ్ కట్టేసి, గొట్టంలో మిగిలిన గ్యాస్ కాలిపోయి మంట దానంతటదే ఆరేదాకా ఉండి, ఆ తర్వాత టార్చ్ గ్యాస్ నాబ్ మూయండి. ఆపైన ఆక్సిజన్ సిలిండర్ కట్టి, ఆ గొట్టం ఖాళీ చేయండి. టార్చ్ కంపెనీ వేరే వరుస చెబితే అదే పాటించండి. రాత్రంతా గొట్టంలో ఒత్తిడి మీద గ్యాస్ ఉంచి పోకూడదు.

గ్యాస్ అలారం కొనే ఆలోచన ఉంటే ఎల్పీజీకి చేసిందే తీసుకుని నేలకు అడుగు ఎత్తులో, బండకూ టార్చ్‌కూ మధ్య పెట్టండి. తలుపు పైన పెట్టింది వేరే గ్యాస్‌కు పనికొస్తుంది. గ్యాస్ సరిగ్గా కాలనప్పుడు పుట్టే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు అలారం వేరేగా ఉండాలి, ఆ వాయువుకు వాసనే ఉండదు కాబట్టి ముక్కు దేనికీ పనికిరాదు. ఈ అలారాన్ని మీరు కూర్చుని ఊపిరి పీల్చే ఎత్తులో బిగించండి.